శాంపిల్ చొక్కా

పీణ్యా రెండో ఫేజులో, మా లైను మొదట్లో
ఒక చొక్కా వేలాడుతూ ఉంటుంది.
ఎవరూ తొడగరు దాన్ని. ఎవరూ ఉతకరు.
కాలరుకి సీలేసిన అట్టముక్క, దాని మీద ఎవరిదో సంతకం.

చెకింగ్ టేబుల్ దగ్గర నిలబడి నాకు పదకొండేళ్లు.
చేరిన రోజు సూపర్‌వైజర్ మంజుళ చెప్పింది:
"చొక్కాని చొక్కాతో కొలవద్దు సువార్తా.
దీన్ని చూసి అదీ, దాన్ని చూసి ఇంకోటీ కుట్టుకుంటూ పోతే
సాయంత్రానికి చెయ్యి జానెడు పొట్టిదవుతుంది.
అన్నీ ఒకేలా ఉంటాయి గనక
ఎవరికీ తెలీదు."

ఆదివారం లగ్గెరెలో, హార్డ్‌వేర్ షాపు మీది హాల్లో
కొత్త బ్రదర్ వచ్చాడు. తెల్ల బూట్లు, గొంతులో బెల్లం.
ఏడిపించాడు. నేనూ ఏడ్చాను, అబద్ధమెందుకు.
ఆఖర్న కవర్లు పంచారు.
"మూడో యోహాను, రెండో వచనం!
వర్ధిల్లుతావని దేవుడు రాసిచ్చేశాడు.
వెయ్యి విత్తితే లక్ష కోస్తావు.
కొయ్యలేదా, లోపం నీ విశ్వాసంలో."

నా పక్కన గ్లోరీ, కాజాల మిషను పిల్ల,
కొడుకు ఫీజుకని ఎత్తిన చీటీ డబ్బు
మొత్తం కవర్లో పెట్టి
నాలుకతో తడిపి అంటించింది.

సోమవారం భోజనాల బెల్లు. అరగంట.
ఒక చేత్తో ముద్ద, ఒక చేత్తో పేజీ.
మూడో యోహాను ఎంతని? ఒక చొక్కా చూసినంత సేపు.
గాయు అని ఒకాయనకి ముసలాయన ఉత్తరం రాస్తున్నాడు.
బాగుండాలి, ఒళ్లు బాగుండాలి అని మొదలుపెట్టాడు.
మా వదిన పలమనేరు నుంచి కార్డు రాసేది కదా,
ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను, అని.
అంతే ఇది.
పలకరింపుని పట్టుకెళ్లి
ప్రామిసరీ నోటు చేశాడు మహానుభావుడు!
ఇంకాస్త కిందికి దిగాను.
పరాయివాళ్ల దగ్గర ఏమీ పుచ్చుకోకుండా
బయల్దేరినవాళ్ల కోసమే ఆ ఉత్తరం.
ఆ పేజీలోనే దియొత్రెఫే అని ఒకడు,
వాడికెప్పుడూ ముందు కుర్చీ కావాలి.

జేబులో ఎర్ర బాణం స్టిక్కర్లున్నాయి,
తప్పు కుట్టు దగ్గర అంటించేవి.
నా ఖాళీ కవరు మీద ఒకటి అంటించాను.
గర్వంగానే ఉండింది.

ఆ ఊపులో అమ్మ వచనం వెతకబోయాను.
తనకు తాను సాయం చేసుకునేవాడికే
దేవుడు సాయం చేస్తాడు,
సామెతల్లో ఉందే పిల్లా, అనేది.
ముప్పయ్యొక్క అధ్యాయాలు, నాలుగు రాత్రులు.
లేదు.
ప్రసంగిలో లేదు. యాకోబులోనూ లేదు.
రోమాలో ఉన్నది వేరే:
మనకి చేతగానప్పుడే వచ్చాడట.

అమ్మకి చదువు రాదు. ఎవరో చెప్పింది విని
మాకు చెప్పింది. చొక్కాని చూసి చొక్కా.
దాన్ని పట్టుకుని జ్వరంలో డ్యూటీకి పోయాను, సరే.
మంచాన పడ్డ నాన్నని కూడా దాంతోనే కొలిచాను.
లేవాలనే మనసు లేదు ఆయనకి, అందుకే
దేవుడూ లేపలేదు అనుకున్నాను.
ఒకసారి అనేశాను కూడా, మొహం మీదే.
గోడవైపు తిరిగి పడుకున్నాడు.
ఆ బ్రదరుకీ నాకూ
తేడా ఏపాటి? బూట్లేగా.

స్టిక్కరు ఎక్కడ అంటించాలో తెలియలేదు.

గ్లోరీకి చెప్తే కస్సుమంది.
"నీకేమక్కా, నీ కొడుకు సంపాదిస్తున్నాడు.
నా ఆశ మీద కత్తెర పెట్టొద్దు."
వారం రోజులు నీళ్ల కుళాయి దగ్గర కూడా మాట్లాడలేదు.

నిన్న భోజనాల బెల్లయ్యాక
నా టేబుల్ దగ్గరికొచ్చి నిలబడింది.
డబ్బు ఊసెత్తలేదు. స్కూలు వాళ్లు ఫోన్ చేశారో లేదో చెప్పలేదు.
"ఏదీ, ఆ పేజీ" అంది.
తీసిచ్చాను. నేనేమీ అనలేదు.
దారం పోగులంటిన వేలు అక్షరం కింద పెట్టి
కన్నడ బడిలో చదివిన పిల్ల, తెలుగు కూడబలుక్కుంటూ
గా… యు… అంటోంది.